కాశీరత్నం తీగ: ఏటేటా నాటుకొనే జ్ఞాపకం

ఆత్మీయులను కోల్పోయినవారు నా వద్దకు వచ్చినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్నలు చాల సామాన్యమైనవి. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నారు? ఉదయం ఎప్పుడు లేచారు? లేచిన పిమ్మట ఏమి తిన్నారు? రక్తపోటు మాత్ర వేసుకున్నారా? దుఃఖాన్ని గూర్చి అడగకుండా నిద్రను, తిండిని గూర్చి అడగడం కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని ముప్పై ఏళ్ళకు పైబడి ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసినవాడిగా నాకు తెలిసినంతవరకు, దుఃఖం అన్నిటికంటె ముందు దినచర్యను చెదరగొడుతుంది. నిద్ర, ఆహారం, మందులు, నలుగురితో మాట – ఇవి ఒకదాని వెనుక ఒకటి జారిపోతాయి. వృద్ధాప్యంలో ఈ జారుడు ప్రమాదకరం.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 1969లో కాలిన్ మర్రే పార్క్స్, ఆయన సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. భార్యలను కోల్పోయిన 55 ఏళ్ళు, అంతకు పైబడిన 4,486 మంది పురుషులను తొమ్మిదేళ్ళు గమనించగా, మొదటి ఆరు నెలలలో మరణాలు ఆ వయస్సువారిలో మామూలుగా సంభవించే వాటికంటె 40 శాతం ఎక్కువగా కనిపించాయి. వాటిలో గుండెజబ్బుల పాలు పెద్దది. ఆ తరువాత ఆ సంఖ్య క్రమంగా మామూలు స్థాయికి దిగింది. తీవ్రమైన శోకం తగిలినప్పుడు గుండె ఎడమ జఠరిక తాత్కాలికంగా ఉబ్బి బలహీనపడే స్థితిని జపాను వైద్యులు 1990లో వర్ణించి, ఆక్టోపస్‌ను పట్టే కుండ ఆకారంలో ఉంటుందని దానికి ‘టకోట్సుబో’ అని పేరు పెట్టారు. ముట్లుడిగిన స్త్రీలలో ఇది ఎక్కువ. చాలమంది కొన్ని వారాలలో కోలుకుంటారు. మనవారు ‘గుండె పగిలింది’ అనే మాటలో శరీరధర్మం కూడా కొంత ఉన్నదన్నమాట.

మా శ్రీమతి కన్నుమూసి నాలుగేళ్ళయింది. పైన చెప్పిన అధ్యయనం నాకు అంతకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన అది నన్ను విడిచిపెట్టలేదు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. మూడు నెలలలో ఆరు కిలోల బరువు తగ్గాను. ఆ దినాలలో నాకు తోడ్పడిన ఒక చిన్న పనిని గూర్చి మీకు చెప్పాలనుకుంటున్నాను. అది కాశీరత్నం తీగను పెంచడం.

కాశీరత్నం మీలో చాలమందికి తెలిసే ఉంటుంది. దారపు పోగులవంటి సన్నని ఆకులు, ఐదు కొనల నక్షత్రంవంటి ఎర్రని పువ్వు. తెలుపు, గులాబి రంగులవి కూడా ఉన్నాయి. పేరులో కాశీ ఉన్నా దాని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. చిలగడదుంప, తూటికూర, చెరువు గట్ల మీద పెరిగే లొట్టపీసు, నీలి గరాటు పూలు పూసే తీగలు అన్నీ దీనికి దగ్గర చుట్టాలే. వీటి పువ్వు తెల్లవారేసరికి విచ్చుకొని ఎండ ముదిరేకొద్దీ ముడుచుకుంటుంది. మరునాడు అదే పువ్వు మళ్ళీ తెరుచుకోదు, పక్కనున్న మరొక మొగ్గ విచ్చుకుంటుంది.

నా ఉద్యోగం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో గడిచింది. ఆనాడు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయినప్పుడు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. బదిలీ అయిన ప్రతిసారీ ఇంటి సామానుతోపాటు ఒక ఖాళీ మాత్రల సీసా మా వెంట వచ్చేది. అందులో కాశీరత్నం గింజలు. లారీ కదలబోయే ముందు ఆమె, “ఏమండీ, గింజల సీసా మీ సంచిలో పెట్టాను, చూచుకోండి” అనేది. కొత్త క్వార్టర్‌లో కిటికీ ఊచలకు పురికొస కట్టి తీగను పాకించేది. నేను వైద్యశాలకు బయలుదేరే వేళకు పూలు లెక్కపెట్టి, “ఇవాళ పదకొండు” అని చెప్పేది. నేను ‘ఊఁ’ కొట్టి వెళ్ళేవాడిని. ఆ సంఖ్యకు అప్పట్లో నా దినంలో వేరే స్థానమేమీ ఉండేది కాదు.

ఆమె పోయిన తరువాత వచ్చిన మృగశిర కార్తెలో, వనపర్తిలోని మా ఇంట్లో ఆ సీసాలోని గింజలన్నీ నాటాను. పాతబడినవి కనుక తొమ్మిదే మొలిచాయి. మొలక రెండు ఆకులూ చీలి, చేతులు చాచినట్లు నిలబడతాయి. మూడింటికి మెలకువ వచ్చినా ఐదున్నర వరకు వేచి ఉండి పెరట్లోకి వెళ్ళడానికి నాకు ఒక కారణం దొరికింది. చెంబుతో నీళ్ళు పోయడం, తీగ కొనను దారానికి చుట్టడం, కలుపు తీయడం – అరగంట పని. ఆ అరగంటలో కంటిపై పడే ఉదయపు వెలుగు శరీరంలోని గడియారాన్ని సరిదిద్దుతుంది, రాత్రి నిద్రకు సాయపడుతుంది. పూలు రావడం మొదలైన పిమ్మట రక్తపోటు రాసుకొనే పుస్తకంలోనే పక్క గడిలో పూల సంఖ్య రాయసాగాను. 138/84, నాలుగు పూలు. 134/80, ఏడు పూలు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉన్నదని వైద్యుడిగా నేను చెప్పను. పుస్తకం తెరవడానికి పూలు కారణమయ్యాయని మాత్రం చెప్పగలను.

సెప్టెంబరులో ఒక ఉదయం కోతుల గుంపు పెరట్లో దిగింది. మా వైపు ఊళ్ళలో కోతుల బెడద మీకు తెలియనిది కాదు. అరగంటలో తొమ్మిది తీగలనూ వేళ్ళతో లాగివేశాయి. కాయలు ఇంకా పచ్చివి, ఒక్క గింజ దక్కలేదు. సీసా ఖాళీ. ఆ దినం నాకు అన్నం సయించలేదు. ఇంతకాలం ఆమె చేతి మీదుగా వచ్చినది నా దగ్గర ముగిసిపోయిందనిపించింది.

నాలుగు దినాల తరువాత గద్వాల గుర్తుకు వచ్చింది. మేము అక్కడ ఉన్నప్పుడు పక్క వీధిలోని ఒక నేత కుటుంబానికి ఆమె ఈ గింజలు ఇచ్చేది. ఆర్‌టీసీ బస్సు ఎక్కి పెబ్బేరు, బీచుపల్లి మీదుగా కృష్ణ దాటి గద్వాల చేరాను. ఆ ఇల్లు దొరికింది. ఇల్లాలికి ఇప్పుడు అరవై దాటాయి. భర్త పోయి చాల ఏళ్ళయిందట. గోడ పక్కన, మగ్గం మీద మిగిలిన నూలు పోగులు పేని కట్టిన తాళ్ళ మీద, కాశీరత్నం నిండుగా పూసి ఉన్నది.

“ఆయన పోయిన ఏడు మావోళ్ళు పీకేస్తమన్నరు సారూ. మొగుడు పోయినదానికి పూలెందుకనిరి. నేను పీకనియ్యలే. అమ్మ ఇచ్చిన తీగ గద” అన్నది ఆమె.

అమ్మ ఇక లేదని అప్పుడు చెప్పాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. పిమ్మట లోపలికి వెళ్ళి నిరుటి గింజలు ఒక గుడ్డలో మూట కట్టి తెచ్చి ఇచ్చింది.

పాఠకులారా, ఈ ఒక్క విషయం మీరు గమనించాలని కోరుతాను. నా దగ్గర భద్రపరచుకొన్నది పోయింది. ఆమె పంచిపెట్టినది మిగిలింది. దుఃఖంలో ఉన్న మనిషి ఇంట్లోనే ముడుచుకుపోతాడు. ఒంటరితనం నిద్రలేమి వలెనే ఆరోగ్యాన్ని తింటుంది. గింజల కోసం నేను ఆ దినం బస్సు ఎక్కకపోతే ఆ ఏడాది మరెవరింటికీ వెళ్ళేవాడిని కానేమో. ఇప్పుడు నాగర్‌కర్నూలులో ఉన్న ఒక విశ్రాంత నర్సు ఇంట్లోనూ ఈ తీగ ఉన్నది. ఆమె కుమారుణ్ణి కోల్పోయింది. ఉదయం ఏడింటికి ఫోను చేసి తన పూల లెక్క చెబుతుంది, నేను నాది చెబుతాను. మిగిలిన సంభాషణ దాని వెనుకే వస్తుంది.

పోయినవారిని పూలతో కలిపి తలచుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. పెత్రమాస అని మనం పిలిచే భాద్రపద అమావాస్యనాడు పెద్దల పేరిట స్వయంపాకం ఇస్తాము. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఒకే దినాన స్మరణా, పూలూ, నలుగురు కూడడమూ. వైద్యదృష్టితో చూచినా ఇది మంచి అమరిక. అయితే భర్తను కోల్పోయిన స్త్రీలను పూలకు దూరం చేసే ఆచారం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. వారిని మరింత ఒంటరిని చేసే ఈ అలవాటును మీ ఇంట్లో కొనసాగనీయవద్దని నా మనవి.

మీరు ఈ తీగను పెంచదలిస్తే విధానం సులభం. గింజ పైపొర గట్టిది కనుక రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయం వేలి కణుపు సగం లోతున నాటండి. వారం లోపల మొలుస్తుంది. ఎండ తగిలే చోటు, పాకడానికి దారం చాలు. తొలకరికి నాటితే బతుకమ్మ వేళకు పూస్తుంది. కాయ ఎండి గోధుమరంగుకు వచ్చినప్పుడు కోస్తే లోపల నాలుగు వరకు గింజలుంటాయి.

కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. ఈ కుటుంబపు తీగల గింజలు తినరాదు. కాళాదానా అనే నీలిపూల తీగ గింజలు తీవ్రమైన విరేచనకారి. మరికొన్ని రకాల గింజలలో మతిభ్రమ కలిగించే రసాయనాలున్నాయి. గింజలను మాత్రల సీసాలో దాచుకునేవారు దానిపై పేరు రాసి, మందులకు దూరంగా, పిల్లలకు అందకుండా ఉంచాలి. లొట్టపీసు ఆకు మేస్తే మేకల నాడీవ్యవస్థ దెబ్బతింటుంది, కనుక దానిని ఇంటి దగ్గర పెంచవద్దు. కాశీరత్నాన్ని చేలగట్ల మీద చల్లవద్దు, కలుపుగా మారుతుంది. కుండీల కింది పళ్ళేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది, వారానికొకసారైనా వంచివేయండి.

తీగ మందు కాదు. ఆరు నెలలు దాటినా తీవ్రమైన ఆరాటం తగ్గకుండా, నిత్యజీవితాన్ని నిలిపివేసే శోకాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమలులో ఉన్నది. దానికి చికిత్స ఉన్నది. చనిపోవాలనే తలంపు వచ్చినా, తిండీ మందులూ మానివేసినా ఆరు నెలలు ఆగనక్కరలేదు, వెంటనే వైద్యుని కలవండి. కేంద్రప్రభుత్వపు టెలీ-మానస్ సేవ 14416 నంబరులో రేయింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే దుఃఖం వలన అని సరిపెట్టుకోకుండా ఇ.సి.జి. తీయించుకోండి.

కాశీరత్నం ఏడాది తీగ. చలికాలం ముదిరేసరికి ఎండిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ నాటుకోవాలి. ఈ ఏడు నా తీగలకు కోతులు రాకుండా వల కట్టించాను. గింజలు మూడు సీసాలలో మూడు ఊళ్ళలో ఉన్నాయి. ఇవాళ ఉదయం నా పెరట్లో పదమూడు పూలు పూశాయి.