రథయాత్రకు పూరీ వెళ్ళివచ్చాము

బరంపురంలో కాపురమున్న మనకు పూరీ పొరుగూరి వంటిది. ఆషాఢ శుద్ధ విదియ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ బయలుదేరుతాము గదా! పూర్వం యాత్రికులతోపాటు కలరా కూడా ఊళ్ళకు తిరిగివచ్చేదని పెద్దలు చెప్పేవారు. మేము అది పాతకాలపు మాట అనుకున్నాము.

2018లో పిల్లాపెద్దా తొమ్మిదిమందిమి వెళ్ళాము. ఉక్క, నడుమ జల్లు, బడదండ నిండా జనం. రథం కదిలేదాకా పిల్లలను ఆపలేక, మంచుముక్కలు వేసిన షర్బత్తు ఇప్పించాము. ఆ రాత్రే సత్రంలో మా మూడేళ్ళ మనుమరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడిస్తే కన్నీరు లేదు. పక్కగదిలో దిగిన శ్రీకాకుళం పెద్దావిడ, లీటరు కాచిన నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలిపి, ఆసుపత్రి చేరేదాకా దారిపొడవునా కొద్దికొద్దిగా పట్టిస్తూనే ఉన్నారు. పిల్ల మాకు దక్కింది.

2021లో పూరీలో తాగదగిన కుళాయినీరు ఏర్పాటు చేశారు. అయినా కిందటేడు మంచు జోలికి పోలేదు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు సంచిలో వేసుకున్నాము. ఆనందబజారులో మహాప్రసాదం కుండలో పొగలు కక్కుతూండగానే తిన్నాము. రాత్రికి కొంచెం దాచుదామని వదినగారు ముచ్చటపడ్డారు గాని, ఆ ఉక్కలో అన్నం నిలుస్తుందా? అక్కడ అందరూ ఒకే ఆకులో చేయిపెట్టి తింటారు. ఎంత చక్కని ఆచారం! అందుకనే ముందుగా సబ్బుబిళ్ళ తీశాము. బావగారు నవ్వారు. మర్నాడు ఆయనే అడిగి పుచ్చుకున్నారు.