స్తంభానికి అడ్డంగా నేను

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే మామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, అహోబిలం పోయింటివి కదా, దిగువ గుడి స్తంభాల ఫొటో ఉంటే పంపు."

వెతికితే నలభై ఫొటోలు. అన్నిట్లో స్తంభానికి అడ్డంగా నేనే! పంపితే మామ నవ్వాడు. "నీ మొగం చూసి రాయి చెక్కేదా?"

నంద్యాలలో పుట్టి పెరిగిన నా దగ్గర పనికొచ్చే ఫొటో ఒక్కటీ లేదు. సిగ్గేసింది.

అప్పుడే 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' గురించి తెలిసింది. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఫొటోల పోటీ ఇది. మన దేశం 2012లో చేరింది. పాత కట్టడాల ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టాలి. మన పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ఫోన్ కెమెరా చాలు.

ఆదివారం పొద్దున్నే బండి మీద ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరా. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే రాతిలో గీతలు తేలతాయని మామ చెప్పాడు. ముందు మండపం మొత్తం, తర్వాత ఒక్కో స్తంభం, చివర్లో దగ్గరగా శిల్పం. తీయనిచ్చిన చోటే తీశా. రేపు ఆ రాయి పగిలినా, దాని మీద సున్నం పూసినా, ఇవాళ ఎలా ఉందో ఫొటో చెబుతుంది.

ప్రైజ్ రాలేదు. మామ మాత్రం జూమ్ చేసి, "ఈడ ఉలి ఎట్ల తిప్పినాడో చూడు" అని మురిసిపోయాడు. ఫొటో కింద నా పేరుంది. ఆ ఉలి పట్టినాయన పేరు మాత్రం మా ఇద్దరికీ తెలీదు.

నంద్యాల చుట్టూ నవనందులున్నాయి. వచ్చే ఆదివారాలకు పని దొరికింది.

మీరూ గుడికి పోతే సెల్ఫీ తీసుకోండి. తర్వాత ఒక్క అడుగు పక్కకు జరగండి.