పొద్దు పొడవని ఊళ్ళో ఒక పూట నడక

సంక్రాంతి నాడు తెల్లవారుజామునే లేచి, తలంటు పోసుకుని, వాకిట్లో ముగ్గు వేసి, ఉత్తరాయణ పుణ్యకాలం వచ్చిందని సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటాం కదా! సరిగ్గా ఆ రోజుల్లోనే భూగోళానికి ఆ పై కొసన ఒక ఊరు కూడా సూర్యుడి కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఎదురు చూస్తూ ఉంటుంది. మనకి సూర్యుడు దిక్కు మారుతాడు, అంతే. వాళ్ళకి దాదాపు రెండు నెలల తర్వాత తిరిగి వస్తాడు!

ఆ ఊరి పేరు ట్రోమ్సో. నార్వే దేశంలో, ఆర్కిటిక్ వలయం దాటాక ఇంకా సుమారు 350 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న రేవు పట్టణం. అక్కడ నవంబరు ఆఖరి వారంలో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జనవరి మధ్యలో గానీ పైకి రాడు. ఊరి చుట్టూ కొండలు అడ్డం కాబట్టి వీధుల్లో ఎండ పడేసరికి 21వ తేదీ ప్రాంతం అవుతుంది. పోనీ వేసవిలోనైనా మనలాగా ఉంటుందా అంటే అదీ లేదు. మే 20 ప్రాంతం నుంచి జూలై 22 ప్రాంతం దాకా అర్ధరాత్రి కూడా ఎండే!

“అయ్యబాబోయ్, అంత చీకట్లో సంసారాలెలా చేస్తారు? పిల్లల్ని బడికెలా పంపుతారు?” అనుకుంటున్నారు కదూ? నాకూ ముందు వచ్చిన సందేహాలు అవే. రండి, గైడు వెంట రెండు గంటలపాటు ఆ వీధుల్లో నడిచి వద్దాం. జవాబులు దారిలోనే దొరుకుతాయి.

చీకటే గానీ కారుచీకటి కాదు

బయల్దేరే ముందు బూట్లకి ఇనప ముళ్ళున్న రబ్బరు పట్టీలు తగిలించుకోవాలి. లేకపోతే గడ్డకట్టిన మంచు మీద జర్రున జారడమే. అక్కడి ముసలమ్మలు సైతం అవి తగిలించుకుని, చేత్తో సంచీ పట్టుకుని నిమ్మళంగా బజారుకి వెళ్ళి వస్తుంటారు.

నడకకి మంచి వేళ మధ్యాహ్నం పదకొండు, పన్నెండు గంటలు. సూర్యుడు కనబడడు గానీ కొన్ని గంటలపాటు ఆకాశం నీలంగా, దక్షిణపు అంచున గులాబీ రంగుగా ఉంటుంది. మన ఇళ్ళల్లో తెల్లారగట్ల పాలవాడు వచ్చే వేళ వెలుగు ఉంటుందే, అలా అన్నమాట. కింద మంచు తెల్లగా ఉండడంతో ఆ కాస్త వెలుగే రెట్టింపు అవుతుంది.

చలి కూడా మనం భయపడేంత కాదు. అట్లాంటిక్ సముద్రంలోంచి వచ్చే వెచ్చటి నీటి ప్రవాహం ఈ తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అందుకే అంత ఉత్తరాన ఉన్నా ఈ రేవు గడ్డకట్టదు. జనవరిలో సగటున సున్నాకి కొన్ని డిగ్రీలు దిగువన ఉంటుందంతే. మంచు మాత్రం పుష్కలం. 1997 ఏప్రిల్ 29న కొలిస్తే నేలమీద 240 సెంటీమీటర్ల మంచు ఉందట! అంటే మన ఇంటి గుమ్మం కంటే ఎత్తు.

బీరు హాలు, చెక్క గుడి

నడక ప్రధాన వీధి దక్షిణపు కొసన మొదలుపెడదాం. దాని పేరు స్టూర్‌గాటా, అంటే పెద్ద వీధి. అక్కడ లుడ్విగ్ మాక్ అనే ఆయన 1877లో పెట్టిన బీరు కంపెనీ పాత భవనం ఉంది. దానికి చేర్చి 1928లో తెరిచిన బీరు హాలు. “బీరు సంగతి మనకెందుకమ్మా?” అనకండి. చలిలో పనిచేసి రేవులోంచి వచ్చిన నావికులు, వేటగాళ్ళు చేరే చోటు అది. అందులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఎప్పుడు కట్టారో తెలుసా? 1973లో! అంటే 45 ఏళ్ళపాటు ఆడది ఆ గడప తొక్కుతుందన్న ఊహే ఎవరికీ రాలేదన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

కొంచెం ముందుకి నడిస్తే పసుపుపచ్చని కేథడ్రల్ కనబడుతుంది. 1861లో పూర్తిగా చెక్కతో కట్టారు. నార్వేలోని ప్రొటెస్టెంటు కేథడ్రల్స్‌లో చెక్కది ఇదొక్కటే. అంత మంచుకీ గాలికీ 160 ఏళ్ళు పైబడి నిలబడిందంటే వడ్రంగుల గొప్పతనమే కాదు, ఏళ్ళ తరబడి రంగులు వేసి కాపాడినవాళ్ళ ఓపిక కూడా చెప్పుకోవాలి.

వెళ్ళినవాళ్ళు, రానివాళ్ళు

అక్కడినుంచి సముద్రం వైపు దిగితే రోల్డ్ అమున్‌సెన్ విగ్రహం ఉంది. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని అందరికంటే ముందు చేరుకున్న మనిషి. 1928లో ఇటలీకి చెందిన నోబిలే అనే ఆయన ఎయిర్‌షిప్ ఉత్తర ధ్రువ ప్రాంతంలో కూలిపోయింది. ఆయనకీ అమున్‌సెన్‌కీ అప్పటికి పడదు, మాటల్లేవు. అయినా సరే, వెతకడానికి జూన్ 18న ఇదే ఊరినుంచి విమానంలో బయల్దేరాడు. నోబిలే బతికి బయటపడ్డాడు. వెతకడానికి వెళ్ళిన అమున్‌సెన్, ఆయనతో ఉన్న అయిదుగురూ తిరిగి రాలేదు. ఆ తర్వాత విమానం తాలూకు ఫ్లోటు ఒకటి సముద్రంలో దొరికింది. మనుషుల జాడ ఈనాటికీ లేదు.

ఇంకో నాలుగడుగులు వేస్తే స్టూర్‌టోర్గెట్ అనే రేవు కూడలి. చిన్న పడవలో నిలబడి ఈటె ఎత్తిన వేటగాడి విగ్రహం అక్కడ ఉంది. సీల్, తిమింగలం, ధ్రువపు ఎలుగు - వీటి వేట మీద ఒకప్పుడు ఊరు బతికింది. ఆ బతుకు ఎంత గడ్డుదో ఒక్క సంగతి చెబుతాను. 1952 ఏప్రిల్‌లో గ్రీన్‌లాండ్ వైపు మంచు సముద్రానికి సీల్ వేటకి వెళ్ళిన నార్వే ఓడల్లో అయిదు తుఫానులో చిక్కుకుని మాయమైపోయాయి. 78 మంది! అందులో ఈ జిల్లావాళ్ళూ ఉన్నారు.

ఇవన్నీ వింటుంటే మనకి తట్టేది ఒకటే. పడవెక్కిన వాళ్ళకి విగ్రహాలున్నాయి సరే, ఒడ్డున నిలబడిన వాళ్ళ మాటేమిటి? తుఫాను హెచ్చరిక వస్తే గంగమ్మకి మొక్కుకుంటూ రేవులో కూర్చునే మన కాకినాడ, విశాఖపట్నం బెస్త ఇల్లాళ్ళని అడిగితే చెబుతారు ఆ ఎదురుచూపు ఏమిటో. ఉత్తర నార్వేలో మగవాళ్ళు నెలల తరబడి సముద్రం మీద ఉంటే, ఆవులూ గొర్రెలూ, గడ్డి కోతలూ, పిల్లలూ, ముసలివాళ్ళూ అన్నీ ఆడవాళ్ళ చేతి మీదే నడిచేవి. చేపలు పట్టింది ఆయన అయితే, ఏడాదంతా ఇల్లు నిలబెట్టింది ఆవిడ.

రొట్టె కోసం చేప

అదే రేవులో ఆడవాళ్ళు సంతోషంగా ఎదురుచూసిన ఓడలూ ఉన్నాయి. 18వ శతాబ్దం నుంచి 1917 రష్యా విప్లవం దాకా వేసవిలో రష్యా ఓడలు రై పిండీ, కలపా తెచ్చి బదులుగా చేపలు పట్టుకెళ్ళేవి. ఈ చలిలో ధాన్యం సరిగ్గా పండదు. కాబట్టి ఆ పిండి వస్తేనే రొట్టె. బేరాలు ఆడుకోవడానికి నార్వే, రష్యా మాటలు కలిపి ఒక కొత్త భాషే పుట్టించుకున్నారు! మన సంతల్లో అటు మాటా ఇటు మాటా కలిపి పని జరుపుకోమూ, అలాగే.

చేపల సంగతి వచ్చింది కాబట్టి వంట సంగతీ చెప్పుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పెద్ద కాడ్ చేపల మందలు ఈ తీరానికి వస్తాయి. వీటితో చేసే వంటకం పేరు మోల్యె. చేప ముక్కలు ఉప్పునీళ్ళలో ఉడికిస్తారు. చేప జన వేరే, కాలేయం వేరే ఉడికిస్తారు. మూడూ బంగాళాదుంపలతో కలిపి వడ్డిస్తారు. మసాలా లేదు, పోపు లేదు. చేప తాజాదనమే రుచి! మిగిలిన చేపలని జంటలుగా తోకలు కట్టి, చెక్క దండేల మీద ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరేస్తారు. మనం ఎండు చేపకి ఉప్పు పట్టిస్తాం. వాళ్ళు చిటికెడు ఉప్పైనా వెయ్యరు. ఆ చల్లగాలే చేపని చెడకుండా ఎండబెడుతుంది. ఆ కర్రల్లాంటి చేపలు ఇటలీకీ, నైజీరియాకీ ఎగుమతి అవుతాయి.

ఇక పిల్లలకి కాడ్ కాలేయం నూనె. ఎండ లేకపోతే ఒంట్లో విటమిన్ ‘డి’ తయారవదు కదా! అందుకని పేరులో ‘ర’ ఉన్న నెలల్లో రోజూ ఒక చెంచా తాగాలని అక్కడి తల్లుల లెక్క. మన తెలుగులో రాసుకుని చూడండి: సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా అన్నింటిలోనూ ‘ర’ ఉంది, మే నుంచి ఆగస్టు దాకా ఒక్కదాంట్లోనూ లేదు. లెక్క మనకీ సరిపోయింది!

టాక్సీ నడిపిన వన్నీ

పెద్ద వీధి వెంట ఉత్తరానికి నడవండి. రెండు వైపులా చెక్క ఇళ్ళు - ఎరుపు, పసుపు, తెలుపు. 1969లో నిప్పంటుకుని ఊరి మధ్య కొంత భాగం కాలిపోయింది, మిగిలినవాటిని అపురూపంగా చూసుకుంటున్నారు. 1916 నాటి సినిమా హాలు ఒకటి దారిలోనే ఉంది. కిటికీలు చూశారా? పరదాలు తీసే ఉన్నాయి. ప్రతి కిటికీలో ఒక దీపం, క్రిస్మస్ ముందు నుంచీ కాగితం నక్షత్రాలు, ఏడు దీపాల సెమ్మెలు. వెలుగు ఇంట్లోవాళ్ళకే కాదు, వీధిన పోయేవాళ్ళకీ అన్నమాట. మనం కార్తీకమాసంలో గుమ్మం ముందు దీపం పెడతామే, అదే మనసు.

వీధి కొసన నీటి ఒడ్డున, 1830ల నాటి ఎర్రటి సుంకం గిడ్డంగిలో పోలార్ మ్యూజియం ఉంది. అమున్‌సెన్ వెళ్ళిపోయిన రోజుకి సరిగ్గా 50 ఏళ్ళు నిండాక, 1978 జూన్ 18న తెరిచారు. ఇక్కడ మనం తీరిగ్గా ఆగాలి. ఎందుకంటే వన్నీ వోల్‌స్టాడ్ ఇక్కడే కలుస్తుంది.

వన్నీ 1893లో పుట్టింది. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు. ఏం చెయ్యాలి? టాక్సీ తోలింది! ఈ ఊళ్ళో టాక్సీ నడిపిన మొదటి ఆడమనిషిగా ఆవిడనే చెప్పుకుంటారు. ఆ బండి ఎక్కేవాళ్ళల్లో వేటగాళ్ళుండేవారు. స్వాల్‌బార్డ్ దీవుల కబుర్లు చెప్పేవారు. ఉత్తర ధ్రువానికి ఇంకా దగ్గరగా ఉన్న మంచు దీవులవి. 2008 నుంచి మన దేశపు ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం ఉన్నది అక్కడే. ఆ కబుర్లు వినీ వినీ, 1932లో వన్నీ ఒక వేటగాడితో కలిసి తానే బయల్దేరింది. అక్కడ అయిదు చలికాలాలు గడిపింది. ధ్రువపు ఎలుగులని, నక్కలని వేటాడింది. తర్వాత కొడుకులూ వచ్చి కలిశారు. చిన్న చెక్క గుడిసె, మైళ్ళ దూరంలో మనిషి లేడు, పైగా ఇక్కడికంటే ఎక్కువ రోజులు చీకటి!

1956లో తన అనుభవాలు పుస్తకంగా రాసింది. స్వాల్‌బార్డ్‌లో వేటగాడుగా ఉన్న మొదటి స్త్రీ అని ఆ పేరుకి అర్థం. ‘వేటగాడు’ అన్న మాటకి ఆడ రూపం లేదు మరి. ఆవిడకి ముందు ఆ అవసరం పడలేదు! స్వాల్‌బార్డ్‌లో 1973 నుంచి ధ్రువపు ఎలుగుల వేట నిషేధించారు, అది మంచిదే. అయినా ఆవిడ గుండె ధైర్యానికి జోహారు చెప్పకుండా ఉండలేం. బీరు హాల్లో ఆడవాళ్ళకి చోటు దొరక్కముందు, 41 ఏళ్ళకి ముందు, ఒకావిడ ఆర్కిటిక్ మంచులో చోటు సంపాదించుకుంది!

వంతెన అవతల

ఊరు దీవి మీద ఉంది. 1960లో కట్టిన 1,036 మీటర్ల వంతెన దాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతుంది. అవతలి కొసన మంచు గడ్డలు నిలబెట్టినట్టు తెల్లగా మెరిసేది ఆర్కిటిక్ కేథడ్రల్. యాన్ ఇంగె హోవిగ్ అనే ఆర్కిటెక్టు రూపమిచ్చాడు, 1965లో తెరిచారు. 1972లో విక్టర్ స్పార్రె చేసిన పెద్ద రంగుల అద్దం అమర్చారు. చీకటి రోజుల్లో లోపలి దీపాలు వెలిగిస్తే గుడి మొత్తం ఒక లాంతరులా ఉంటుంది.

బూరెల్లాంటి పండగ

ఇక సూర్యుడు వచ్చే రోజు! జనవరి 21 ప్రాంతంలో పిల్లలు ఎండ కోసం కొండ అంచున చూస్తూ నిలబడతారు. బేకరీలు సూర్యుడి పేరు మీద గుండ్రటి బన్నులు అమ్ముతాయి - నూనెలో వేయించి లోపల జామ్ నింపినవి. పూర్ణం బదులు జామ్ పెట్టిన బూరెలు అనుకోండి. ఆ రోజు ఎండ కొద్ది నిమిషాలే. అయినా పండగే.

మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. చీకటిని వాళ్ళు తరిమెయ్యలేదు, తిట్టుకుంటూనూ కూర్చోలేదు. కిటికీలో దీపం, బూటుకి ముల్లు, పిల్లలకి చెంచాడు నూనె, సూర్యుడు రాగానే ఒక తీపి - ఇలా చిన్న చిన్న ఏర్పాట్లతో దాటుతున్నారు. సంసారం నడిపే మనకి ఈ విద్య కొత్తదేమీ కాదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

* ఒంటికి ఆనుకుని ఉన్ని లోదుస్తులు వేసుకోండి. నూలు బట్ట చెమటకి తడిసిందంటే చలి పట్టుకుంటుంది. ఒకే మందపాటి కోటు కంటే పల్చటివి మూడు పొరలు నయం.

* ఎవరింటికైనా వెళితే బూట్లు గుమ్మంలోనే విడవాలి. అచ్చం మనలాగే!

* శాకాహారులు బ్రౌన్ చీజ్ రుచి చూడండి. జున్ను తీయగా మిగిలిన పాల తేటని గోధుమ రంగు వచ్చేదాకా మరిగించి చేస్తారు. కోవాలా తియ్యగా ఉంటుంది. వేడి వాఫుల్ మీద జామ్‌తో బాగుంటుంది.

* ఆకాశంలో పచ్చటి ఉత్తర కాంతులు చూడాలంటే సెప్టెంబరు నుంచి మార్చి దాకా రాత్రులు మంచివి. వేసవిలో వెలుగు పోదు కాబట్టి కనబడవు. వేసవిలో వెళితే కిటికీకి దట్టమైన పరదా ఉన్న గదే అడగండి. లేకపోతే నిద్ర పట్టదు సుమా!