ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మా అత్తగారైతే మెతుకు కూడా పట్టుకోరు, గరిటె తిప్పి చెప్పేస్తారు. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ లాబొరేటరీలో ఉద్యోగం చేసిన 22 ఏళ్లూ నేను మాత్రం ఆ సామెతతో పోట్లాడుతూనే వచ్చాను.

గ్లిజరిన్ డ్రమ్ములు 20 వచ్చాయనుకోండి. ఒకదాంట్లోది బాగుంటే పక్కదాంట్లోదీ బాగుంటుందని ఏమిటి నమ్మకం? ఒక్క కుండలో ఉడికిన అన్నం కాదు కదా! "అన్నింటికీ పరీక్షేనా మేడమ్? అవతల పని ఆగిపోయింది" అని ప్రొడక్షన్ వారు విసుక్కునేవారు. విసుక్కోనీ.

డైఇథిలీన్ గ్లైకాల్ అనే మాయలాడి ఒకటుంది. రంగు లేదు, వాసన లేదు. తియ్యగా, చిక్కగా అచ్చం గ్లిజరిన్‌లాగే ఉంటుంది. పైగా చవక. కడుపులోకి వెళ్లిందంటే మూత్రపిండాలు పోతాయి. 1937లో అమెరికాలో ఒక మందును ఇందులో కరిగించి అమ్మితే 100 మందికి పైగా చనిపోయారు. రుచి, రంగు, వాసన మాత్రం శ్రద్ధగా చూసే బజారుకు పంపారట!

దీన్ని పట్టిచ్చేది గ్యాస్ క్రొమటోగ్రాఫు. పేరు చూసి బెదరకండి. నలుగురాడవాళ్లం తిరునాళ్లకు బయల్దేరామనుకోండి. గాజుల కొట్టు కనిపించినచోటల్లా ఆగే వదినగారు ఆఖర్న గుడికి చేరుతుంది. దేనికీ ఆగని పిన్నిగారు ముందే వెళ్లి కూర్చుంటుంది. ఈ యంత్రంలోనూ అంతే. సూదితో రవ్వంత ఎక్కిస్తే ఆవిరై, సన్నటి పొడుగాటి గొట్టంలో సాగుతుంది. లోపలి పూతను అంటిపెట్టుకునే గ్లిజరిన్ వెనకబడుతుంది, డైఇథిలీన్ గ్లైకాల్ ముందొస్తుంది. ఒక్కొక్కదానికీ తెరమీద ఒక్కో గోపురం లేస్తుంది. ఆ దొంగ గోపురం 0.1 శాతం దాటిందా, డ్రమ్ము వెనక్కే.

2025లో మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా వైపు దగ్గుమందు తాగి 20 మందికి పైగా పసిపిల్లలు పోయారు. తమిళనాడు ప్రభుత్వం వారి పరీక్షలో ఆ మందులో తేలింది 48.6 శాతం. పేపరు పక్కన పెట్టేశాక చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు. చిన్న గోపురమైతే కంటపడలేదనుకోవచ్చు. ఇంతదా? అసలు ఎవరూ సూది ఎక్కించి చూసి ఉండరు.

ఆ వారంలోనే మా అమ్మాయి ఫోను చేసింది, బుజ్జిగాడు దగ్గుతున్నాడు, మందు పట్టనా అని. వాడికింకా ఏడాదిన్నర. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దని కేంద్ర ఆరోగ్యశాఖవారే చెప్పారు, ముందు డాక్టరుకి చూపించమన్నాను.

"అయితే సీసా పంపితే నీ గోపురాలు చూసి పెట్టవా అమ్మా?" అంది.

"ఇంట్లో గరిటె ఉందే తల్లీ, ఆ యంత్రం లేదు" అన్నాను.