వేడి ఆరేలోగా

హైదరాబాద్ నడిబొడ్డున అర్ధరాత్రి వేసే తారు రోడ్డు పని ఊరి బయట హాట్ మిక్స్ ప్లాంటులో మొదలవుతుంది. అందుకే ముందు అక్కడికే వెళ్లాను. కంకర, చిప్స్, డస్టు వేర్వేరు తొట్లలోంచి బెల్టు మీదుగా డ్రమ్ములోకి పోతున్నాయి. మంటకు తడి ఆరి, తారు పట్టి టిప్పర్లో పడేసరికి ఆ మిక్స్ 150 డిగ్రీల సెల్సియస్ పైన కాగుతోంది. పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించారు.

"ఇగ ఇక్కడ్నుంచి టైం చూస్కుంటనే ఉండాలె సార్. మాల్ సల్లబడ్డదంటే రోలర్ ఎన్నిసార్లు తిప్పినా కూసోదు" అన్నాడు ప్లాంటు ఆపరేటర్. ఆ రాత్రి నేను చూసిందంతా ఈ మాటకు వివరణే.

పదకొండు దాటాక పంజాగుట్ట చేరాం. సగం రోడ్డుకు కోన్లు అడ్డం పెట్టారు. మిగతా సగంలో వాహనాలు నెమ్మదిగా కదులుతున్నాయి. నిమ్స్ ఆసుపత్రి ఈ దారిలోనే ఉంది, అంబులెన్సుకు ఏ గంటలోనైనా దారి ఉండాల్సిందే. ఇలాంటి రోడ్డును వారాల తరబడి మూయడం కుదరని పని. కాలనీ వీధుల్లో సిమెంటు రోడ్డు మంచిదే. కానీ దాన్ని వారాలపాటు తడుపుతూ క్యూరింగ్ చేయాలి. తారు పొర చల్లారితే చాలు, బండి ఎక్కించవచ్చు.

ముందుగా మిల్లింగ్ మెషిన్ వచ్చింది. దాని అడుగున పళ్లున్న డ్రమ్ము తిరుగుతూ పాత తారును 40 మిల్లీమీటర్ల లోతున గీకి, బెల్టు మీదుగా ముందున్న టిప్పర్లోకి విసురుతుంది. చప్పుడు చెవులు పగిలేంత. అయినా ఈ మొత్తం పనిలో నగరానికి ఎక్కువ మేలు చేసేది ఈ మెషినే అంటాను. ఏళ్ల తరబడి పాత పొర మీదే కొత్త పొర వేసుకుంటూ పోయిన వీధుల్లో ఏం జరిగిందో మనకు తెలుసు. రోడ్డు లేచింది, ఇంటి గుమ్మం కిందికి దిగింది, వానొస్తే నీళ్లు కాలువలోకి కాకుండా వంటింట్లోకి పోతున్నాయి. గీకిన మందమే మళ్లీ వేస్తే రోడ్డు మట్టం మారదు. గీకిన తారు కంకరను కూడా కొత్త మిక్స్‌లో తగు పాళ్లలో కలిపి వాడుకోవచ్చు.

ఊడ్చి, కంప్రెసర్ గాలితో దుమ్ము ఎగరగొట్టి, కొత్త పొర పట్టుకునేలా ట్యాక్ కోట్ చల్లారు. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉన్న ఆ ద్రవం నీరు విడిపోయి నల్లబడేదాకా అందరూ ఆగారు. ఆ రాత్రి ఎవరూ తొందరపెట్టని పని అదొక్కటే.

తర్వాత టిప్పర్ వెనక్కి వచ్చి, మిక్స్ పరిచే పేవర్‌కు ఆనింది. మిక్స్ పరుచుకున్న వెంటనే వైబ్రేటర్ రోలర్, దాని వెనక టైర్ల రోలర్, చివర నున్నటి రోలర్ ఎక్కాయి. పరిచేటప్పుడు 140 డిగ్రీలున్న మిక్స్ 90కి దిగకముందే ఈ తొక్కుడంతా అయిపోవాలి. ఇంత పలుచని పొరకు అది నిమిషాల వ్యవధి. "రాత్రికి రాత్రే వేసిన రోడ్డు ఏం నిలుస్తుంది?" అంటుంటారు జనం. తారు పనిలో అసలు లోపం ఆలస్యమే. టిప్పర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పేవర్ ఆగుతుంది. ఆగినచోట పొర చల్లారి, అతుకు సరిగ్గా పడదు. వానాకాలంలో నీరు దిగేదీ, కంకర లేచేదీ అక్కడే. ఖాళీ రాత్రి రోడ్లు ప్రయాణికులకే కాదు, వరుసగా రావాల్సిన టిప్పర్లకూ కావాలి.

2022 జూన్‌లో మహారాష్ట్రలోని అమరావతి–అకోలా హైవే మీద 75 కిలోమీటర్ల ఒక వరుస రోడ్డును 105 గంటల 33 నిమిషాల్లో వేసి గిన్నిస్ రికార్డు సాధించారు. గొప్ప పనే. కానీ నగరంలో అడుగడుగునా మ్యాన్‌హోళ్లు, కేబుళ్లు, బస్టాపులు. ఇక్కడ ఒక్క రాత్రిలో ఒక్క వైపు పూర్తి చేయడాన్ని నేను తక్కువగా చూడలేను.

అంచుల దగ్గర పారలతో మిక్స్ సర్దుతున్నవాళ్లలో పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. "బూట్లున్నా కాళ్లు కాలుతనే ఉంటయన్నా" అంది ఒకామె, ముఖానికి చుట్టుకున్న గుడ్డ సవరించుకుంటూ. ఆ పొగలో మామూలు గుడ్డ ఏమాత్రం ఆపుతుంది? మెషిన్లకు ఇంత ఖర్చు పెట్టేచోట మంచి మాస్కు, మందపాటి బూట్లు, మధ్యలో విరామం లెక్కలో ఉండి తీరాలి.

ఇంజనీరును నీళ్ల పైపులు, కేబుళ్ల సంగతి అడిగాను. పని మొదలుపెట్టకముందే తవ్వుకోవలసినవాళ్లు తవ్వుకోవాలని అన్ని శాఖలకూ రాశామని చెప్పాడు. ఆ మాట నిలబడకపోతే ఈ రాత్రి కష్టమంతా వృథా. ఒక్కసారి కోసిన పొరకు ఎంత మంచి ప్యాచ్ వేసినా కోత అంచుల్లో నీరు దిగుతుంది.

నాలుగున్నరకు థర్మామీటరు పెట్టి చూశారు. పొర ఇంకా వేడిగానే ఉందని మరికాసేపు ఆపి, చల్లారాక కోన్లు తీసేశారు. మర్నాడు రాత్రి అవతలి సగం. ఆ తర్వాత మ్యాన్‌హోల్ మూతల్ని రోడ్డు మట్టానికి సరిచేయాలి, గీతలు వేయాలి.