నోట్లో వెండి... గుండెలో దడ!

తెనాలిలో ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యారు ఆ టీచరమ్మ. థర్మామీటరు పగిలితే 'పాదరసం... ముట్టుకోకండర్రా' అని పిల్లల్ని గదమాయించేవారు. అలాంటిది ఓ రాత్రి డాలస్ నుంచి కూతురు ఫోన్ చేసి, 'అమ్మా, నీ దవడపళ్లలో ఉన్న వెండి సిమెంటులో సగం పాదరసమేనట. నాలుగూ తీయించేయ్' అనేసరికి గుండె ఝల్లుమంది. ఈమధ్య చేతివేళ్లు వణుకుతున్నాయి. ఇందుకేనేమో! ఇక నిద్ర పడితే ఒట్టు.

తెల్లారగానే పళ్ల డాక్టరు దగ్గరికెళ్లారు. 'నాలుగూ తీసి తెల్లవి పెట్టేయండి' అన్నారు.

ఆయన అన్నీ పరీక్షించారు. 'రెండు రాయిలా ఉన్నాయమ్మా. ఒక పన్ను గోడ విరిగింది. ఇంకోటి చిగురు అంచున పుచ్చింది. ఆ రెండే మారుద్దాం.'

'మరి పాదరసం?'

సగం పాదరసమన్నది నిజమే. మిగతాది వెండి, తగరం, రాగి. నమిలేటప్పుడు వచ్చే ఆవిరి చాలా స్వల్పం. తవ్వితేనే ఎక్కువ వస్తుంది. మంచి పన్నూ కొంత అరిగిపోతుంది. అందుకే బాగున్నవాటిని అవసరం లేకుండా తీయించొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది. గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు, కిడ్నీ, నరాల జబ్బులున్నవారికి మాత్రం కొత్తగా పెట్టకపోవడమే మేలంది. మినమాటా ఒప్పందంలోని దేశాలు 2034 నాటికి దీని వాడకానికే స్వస్తి చెప్పాలనుకున్నాయి.

మరి బదులుగా ఏది?

కాంపోజిట్ పంటి రంగులో కలిసిపోతుంది. కానీ పెట్టేటప్పుడు ఉమ్మి తగిలితే పట్టు నిలవదు. గ్లాస్ అయానమర్ తడిని కాస్త ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. గట్టిగా నమిలేచోట అరిగిపోతుంది. గోడ విరిగిన పంటికి కొలత తీసి చేయించే సిరామిక్ నయం. ఖర్చెక్కువ.

అలా చిగురు అంచుకు గ్లాస్ అయానమర్, విరిగినదానికి సిరామిక్ ఖాయమయ్యాయి. నోట్లో రబ్బరు షీటు బిగించి, నీళ్లు చిమ్ముతూ, గొట్టంతో పీల్చేస్తూ పాతదాన్ని ముక్కలుగా తీశారు.

'వేళ్ల వణుకును మాత్రం పళ్లమీదకు నెట్టకండి. పెద్ద డాక్టరుకు చూపించండి' అన్నారాయన. చూపించారు. రక్తపరీక్షలో థైరాయిడ్ అని తేలింది. ఇప్పుడు మందులు వాడుతున్నారు.

మళ్లీ ఫోనొచ్చింది. 'అన్నీ తీయించేశావా అమ్మా?'

'రెండే. మిగతా రెండూ ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. రిటైరయింది నేనే!'