కొండెక్కిన టమాటాలు

జిజాన్‌లో ఉంటున్నానని చెబితే మనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటే – "అదెక్కడ?" జెద్దా నుంచి ఎర్ర సముద్రం వెంబడి దక్షిణంగా దాదాపు 700 కిలోమీటర్లు వస్తే, ఇక యెమెన్ సరిహద్దు దగ్గర పడుతోందనగా తగిలే ఊరు మాది. సౌదీ అంటే ఇసుక, ఒంటెలు అనుకునేవారు ఇక్కడి మామిడి తోటలు, జొన్న చేలు చూస్తే ఓ పట్టాన నమ్మరు.

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ మనిషిని. ప్రవృత్తి మాత్రం టమాటా! మాది మదనపల్లె పక్కన పల్లె. మా నాయన టమాటా రైతు. ధర పలికిన ఏడాది ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చేది, పలకని ఏడాది పంటంతా రోడ్డు పక్కన పారబోత. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో దాదాపు 200 రూపాయలకు చేరేసరికి ఆయన సాగు మానేసి రెండేళ్లయింది. "మనం దిగినాక టమాటా కొండెక్కిందిరా" అని ఫోన్లో ఒకటే నవ్వు.

ఆ రక్తం ఎక్కడికి పోతుంది చెప్పండి? మా బిల్డింగ్ మేడ మీద ఆరు పెయింటు బక్కెట్లలో టమాటా పెంచుతాను. అక్టోబర్‌లో నారు పోస్తే డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా కాయలే కాయలు. ఇక్కడ అది చలికాలం పంట. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

2017 జూలైలో ఇక్కడి విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు మొదలైంది. ఏటా వంద చొప్పున పెరుగుతూ 2020కి 400 అయింది. మా ఇంట్లో ముగ్గురు. లెక్కలు వేసి, వేసి, చివరకు 2019లో నా భార్యను, పిల్లలిద్దరినీ ఊరికి పంపేశాను. అప్పటి నుంచి మా కాపురం ఏడాదికి ఒక్క నెల. బడులకు సెలవులిచ్చాక మేలో విజిట్ వీసా మీద వస్తారు, జూన్‌లో వెళ్లిపోతారు. పోయినేడు ఎయిర్‌పోర్టులో వీసా కాగితం చదివి మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మీ ఇంటికి మేం విజిటర్లమా?" అప్పుడు దానికి పదకొండేళ్లు. ఏం చెప్పాలో తోచక సూట్‌కేసులు సర్దుతున్నట్టు నటించాను.

టమాటాల సంగతీ అంతే. వాట్సాప్ వీడియోలో చూడటమే తప్ప మా చెట్టు కాయ అది ఒక్కటీ కోసి ఎరగదు. వాళ్లు వచ్చేసరికి చెట్లు ఎండిపోయి ఉంటాయి. మేలో ఇక్కడ పగలు 37, 38 డిగ్రీలు. పోనీ రాత్రయినా చల్లబడుతుందా అంటే 28కి దిగితే గొప్ప. టమాటా పువ్వుకు పగటి ఎండ కంటే రాత్రి ఉక్కే ఎక్కువ చేటు. పుప్పొడి చచ్చుబడి, పిందె కట్టకుండానే పువ్వు రాలిపోతుంది. ఈ ఏడాది ఆలస్యంగా నాటి, గ్రీన్ నెట్ కట్టి, రెండుపూటలా నీళ్లు పోసి చూశాను. మార్చి నెలాఖరుకే పూలన్నీ రాలడం మొదలు! నాయనకు ఫోన్ చేస్తే, "చెట్టును తిట్టొద్దురా, చల్లని రాత్రి యాడుందో చూడు" అన్నాడు.

చల్లని రాత్రి ఎక్కడుందో నాకు తెలుసు. జిజాన్ నుంచి ఈశాన్యంగా వంద కిలోమీటర్ల పైచిలుకు పోతే ఫైఫా కొండలు. మెలికల దారిలో కారు ఫస్ట్ గేర్‌లో మూలుగుతూ ఎక్కుతుంది. కొండ వాలు పొడుగునా రాతి గట్లు కట్టి మెట్లు మెట్లుగా చేసిన పొలాలు, వాటిలో కాఫీ చెట్లు. ఈ ప్రాంతపు ఖౌలానీ కాఫీ సాగును 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మా ఆఫీసులో ఒక సహోద్యోగిది ఆ కొండే. మొహమాటపడుతూ విషయం చెప్పాను. అతను నవ్వి, "రెండు బక్కెట్లకు మా నాన్న పొలంలో చోటుండదా?" అన్నాడు. ఏప్రిల్ మొదటి శుక్రవారం సీటు బెల్టు పెట్టుకుని రెండు టమాటా చెట్లు కొండెక్కాయి. ఆ పెద్దాయనకు నా భాష రాదు, నాకు ఆయన అరబీ సగమే అర్థమవుతుంది. కానీ ఆకు తిప్పి వెనకవైపు పురుగు ఉందేమో చూసిన తీరు... అచ్చం మా నాయనే!

మేలో పిల్లలు దిగారు. ఇక తీరిక ఎక్కడిది? మొదటి శుక్రవారం మన తెలుగువాళ్ల ఆవకాయ పండగ. సబ్యా వైపు తోటల నుంచి పచ్చి మామిడికాయలు, జిజాన్‌కు పేరు తెచ్చిన నువ్వుల నూనె, ఊరి నుంచి వచ్చిన ఆవపిండి. కారం పాళ్ల మీద కర్నూలు అన్నకూ, విజయనగరం అక్కకూ ఏటా జరిగే యుద్ధం ఈసారీ జరిగింది. నా భార్య మాత్రం మల్లెల దగ్గర ఆగిపోయింది. జిజాన్ మల్లెదండలకు ప్రసిద్ధి. ఇక్కడ మల్లెను 'ఫుల్' అంటారు. "మన పూలనే కాస్త గట్టిగా పలికారు" అని తను తేల్చేసింది! మరో వారం ఉచిత ఫెర్రీలో గంట ప్రయాణం చేసి ఫరసాన్ దీవులకు వెళ్లాం. జింకలు కనబడ్డాయని మావాడు మూడు రోజులు అదే కథ చెప్పాడు.

చివరి శుక్రవారం ఫైఫా ప్రయాణం. మబ్బు కారు అద్దాలను తడుపుతోంది. పెద్దాయన మమ్మల్ని నేరుగా గట్టు మీదికి తీసుకెళ్లాడు. రెండు చెట్లకూ కలిపి పదకొండు కాయలు. అందులో నాలుగు ఎర్రగా పండాయి. మా అమ్మాయి చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత ఒకటి కోసి, మొదట పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు ముక్కలు చేసి, సగం తనకే తిరిగిచ్చాడు. అక్కడి నుంచే తాతకు వీడియో కాల్. ఇద్దరు రైతులూ ఒకరినొకరు చూసుకుని చేతులూపుకున్నారు. మాటల్లేవు, అవసరం కూడా రాలేదు.

దిగి వస్తుంటే వెనక సీట్లోంచి ప్రశ్న: "నాన్నా, అక్టోబర్లో నువ్వు నారు పోసేది ఏ తేదీ?"

"ఎందుకమ్మా?"

"అదే రోజు నేనూ తాతతో ఊళ్లో పోస్తా. ఎవరి చెట్టు ముందు కాస్తుందో చూద్దాం."

జూన్‌లో వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత ఇక్కడ గుబ్రా, అంటే దుమ్ముగాలుల కాలం. మేడ మీద బక్కెట్లు బోర్లించి పెట్టాను. గోడ క్యాలెండర్‌లో అక్టోబర్ 10 చుట్టూ మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీసిన సున్నా ఉంది. కింద దాని రాతలోనే రెండు మాటలు: "మన టమాటాలు."